బోస్నియా ప్రయాణానికి ఎంత కావాలి?

వేసవి సెలవులు దగ్గరపడితే పంజాగుట్ట చౌరస్తా నుండి అమీర్‌పేట వరకు విదేశీ యాత్రల ప్రకటనలు కనబడడం మొదలవుతుంది. మంచుకొండలు, ఒక ఎర్ర కారు, నవ్వుతున్న నలుగురు; కింద పెద్ద అక్షరాలలో ఒక ధర, దాని పక్కన చిన్న నక్షత్రం గుర్తు. ఆ నక్షత్రానికి అర్థమేమిటో ఫలకం అడుగున ఎక్కడో రాసి ఉంటుంది. బస్సులో వెళ్ళేవారికి అది కనిపించదు. నడిచి వెళ్ళేవారు ఆగి చదవరు.

గత నెల పంజాగుట్ట నుండి ఒక సోదరి మాకు ఉత్తరం రాశారు. భర్త ప్రైవేటు ఉద్యోగి. పదహారేళ్ళ అమ్మాయి, పదేళ్ళ అబ్బాయి ఉన్నారు. బంధువులు ఐరోపా వెళ్ళివచ్చి ఫోన్లో పంపిన ఫోటోలు చూసినప్పటి నుండి ఇంట్లో అదే మాటగా ఉన్నదట. స్విట్జర్లాండ్ వంటివి తమవల్ల కావనీ, ఐరోపాలోనే చవకైన ముస్లిం దేశం బోస్నియా ఉన్నదనీ, అక్కడ కారు అద్దెకు తీసుకుని తిరిగి వద్దామనీ భర్త ఆలోచన. సొమ్ము నెలవాయిదాలలో కట్టవచ్చని ట్రావెల్ ఏజెన్సీ వారు చెప్పారు. అది చాలకపోతే ఆమె గాజులు తాకట్టు పెడదామన్నది ఆయన రెండవ ఆలోచన. "అక్కడ పాత మసీదులు ఉన్నాయి, పిల్లలకు మన చరిత్ర తెలుస్తుంది, ఇది కూడా మంచిపనే కదా అంటున్నారు. ఆ దేశం నిజంగా అంత చవకా? మేము వెళ్ళవచ్చా?" అని ఆమె అడిగారు. ఉత్తరం చివర సంతకానికి ముందు ఇంకొక వాక్యం ఉంది. తమ ఇంట్లో ఇంకా ఎవరూ హజ్ చేయలేదని.

ముందు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుకుందాం. ఎందుకంటే రెండవ ప్రశ్నకు జవాబు చాలావరకు అందులోనే ఉంది.

బోస్నియా హెర్జెగోవినా పూర్తిగా ముస్లిం దేశమేమీ కాదు. 2013 జనగణన ప్రకారం జనాభాలో సగం మంది ముస్లిములు. మిగిలినవారు ఎక్కువగా సెర్బ్, క్రోయాట్ క్రైస్తవులు. చవక అన్నమాట మాత్రం నిజమే. ఆ దేశం ఐరోపా సమాఖ్యలో లేదు. అక్కడి నాణెం యూరో కాదు, కన్వర్టిబుల్ మార్క్. ఒకప్పటి జర్మన్ మార్కుతో సమానంగా మొదలైన ఈ నాణెం విలువ ఇప్పుడు యూరోకు 1.95583 మార్కులుగా స్థిరపడి ఉంది. లెక్క తేలికగా ఉండటానికి యూరోను వంద రూపాయలు అనుకుంటే, మార్కు మనకు దాదాపు 51 రూపాయలు. ఈ నాణెం హైదరాబాదులో దొరకదు. యూరోలు తీసుకుని వెళ్ళి అక్కడ మార్చుకోవాలి. చవక అంటే అక్కడి మనిషి జీతం తక్కువ అని కూడా అర్థం. గది ఇచ్చే ముసలమ్మ దగ్గర పది మార్కుల కోసం బేరమాడబోయే ముందు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

ఇప్పుడు తొమ్మిది రాత్రుల యాత్రకు, నలుగురికి, ఏది ఎంత అవుతుందో మేము వేసిన అంచనా చూడండి. ఇది అంచనాయే, విమాన టికెట్టు ధర వారానికొక రకంగా ఉంటుంది. హైదరాబాదు నుండి దుబాయ్ మీదుగానో ఇస్తాంబుల్ మీదుగానో సరాయెవో వెళ్ళిరావడానికి నలుగురికి రెండు లక్షల ముప్ఫై వేలు పెట్టుకోవాలి. వీసాలకు, బీమాకు, పత్రాలకు ముప్ఫై వేలు. అంటే ఆ దేశం నేల మీద కాలు పెట్టకముందే రెండు లక్షల అరవై వేలు అయిపోయింది. ఈ భాగం చవక కాదు. మనం వెళ్ళేది చవక దేశమైనా ఖరీదైన దేశమైనా ఈ ఖర్చులో పెద్దగా తేడా ఉండదు.

వీసా విషయంలో ఒక హెచ్చరిక. షెంగెన్ వీసా తీసుకుంటే బోస్నియాకు వేరే వీసా అక్కరలేదని ఏజెన్సీ వారు ఈ సోదరికి చెప్పారట. ఆ సడలింపు ఉన్నమాట వాస్తవం. అయితే అది పలుమార్లు ప్రవేశించడానికి వీలున్న షెంగెన్ వీసాకే, అదీ కొన్ని షరతులతో. మొదటిసారి దరఖాస్తు చేసేవారికి ఒక్కసారి ప్రవేశానికే వీసా ఇవ్వడం మామూలు. షెంగెన్ రుసుము 2024 జూన్ నుండి పెద్దలకు 90 యూరోలు, ఆరు నుండి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు 45 యూరోలు. ఈ కుటుంబానికి రుసుమే 315 యూరోలు. వీసా రాకపోయినా ఆ సొమ్ము తిరిగి రాదు. బోస్నియా ఒక్కటే చూసేవారు ఢిల్లీలోని ఆ దేశపు రాయబార కార్యాలయానికే దరఖాస్తు చేసుకోవడం సూటియైన మార్గం.

కారు నడిపేవారు ముందుగా అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. పంజాగుట్ట వారికి ఖైరతాబాద్ ఆర్‌టీఏ కార్యాలయం పక్కనే ఉన్నట్లు లెక్క. రుసుము వెయ్యి రూపాయలు, పర్మిట్ ఏడాది చెల్లుతుంది. అక్కడ కారు రోజుకు యాభై యూరోల చొప్పున ఎనిమిది రోజులకు నాలుగు వందలు, పూర్తి బీమాకు మరో వంద. యాభై వేల రూపాయలు. గేరు మార్చనక్కరలేని బండి కావాలంటే ఇంకా ఎక్కువ. దీనికి తోడు నడిపేవారి పేరు మీద ఉన్న క్రెడిట్ కార్డు నుండి కొన్ని వందల యూరోలు పూచీగా నిలిపివేస్తారు. కారు సరిగా తిరిగి అప్పగించాక వదిలేస్తారు గాని, అంతవరకు ఆ సొమ్ము మనది కాదు. మన కార్డు విదేశంలో వాడిన ప్రతిసారీ బ్యాంకు మూడు, మూడున్నర శాతం దాకా అదనంగా తీసుకోవడం మామూలే.

ఆశ్చర్యం కలిగించేది పెట్రోలు ఖర్చు. సరాయెవో నుండి మొస్తార్ సుమారు 130 కిలోమీటర్లు. సరాయెవో నుండి శ్రెబ్రెనిత్సా వెళ్ళిరావడం దాదాపు మూడు వందలు. ట్రావ్నిక్, బ్లాగాయ్, పొచితెల్ కలుపుకుంటే మొత్తం ఎనిమిది వందల కిలోమీటర్లు దాటదు. వందకు ఏడు లీటర్లు తాగే బండికి 56 లీటర్లు. లీటరు రెండున్నర మార్కుల చొప్పున 140 మార్కులు, అనగా ఏడు వేల రూపాయల పైచిలుకు. మన పెట్రోలు బంకు ధరకంటే లీటరుకు ఇరవై రూపాయలే తేడా. బసకు రోజుకు అరవై యూరోల చొప్పున తొమ్మిది రాత్రులకు యాభై నాలుగు వేలు, తిండికి రోజుకు నలభై యూరోల చొప్పున ముప్ఫై ఆరు వేలు. వంటగది ఉన్న ఇల్లు తీసుకుని ఒక పూట అన్నం వండుకుంటే తిండి ఖర్చు ఇంకా తగ్గుతుంది. ఆవకాయ సీసా ఎలాగూ పెట్టెలో ఉంటుంది. పార్కింగు, ప్రవేశ రుసుములు, రహదారి సుంకాలు పదిహేను వేలు.

ఇవన్నీ కూడితే ఆ దేశంలో అయ్యే ఖర్చు లక్షా అరవై రెండు వేలు. విమానం, వీసాలతో కలిపి నాలుగు లక్షల ఇరవై రెండు వేలు. కొత్త పెట్టెలు, చలి బట్టలు, విమానాశ్రయానికి క్యాబు, బంధువులకు కానుకలు, అనుకోని జ్వరం, ఇవి కూడా వేసుకుంటే ఐదు లక్షలు. ఏజెన్సీ ప్యాకేజీగా కొంటే దాని మీద టీసీఎస్ కూడా ముందే వసూలు చేస్తారు. అది తరువాత ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది గాని, ఆ రోజు చేతి నుండి పోవలసిందే.

ఒక అనుకూలత ఉంది. మన బడులకు ఏప్రిల్ చివరి నుండి జూన్ రెండవ వారం వరకు సెలవులు. ఐరోపావారి రద్దీ జూలై, ఆగస్టు నెలలలో. మే నెలలో వెళ్ళేవారికి గదులు, కార్లు అంతకంటే తక్కువకే దొరుకుతాయి.

ఇక వాయిదాల సంగతి. ఐదు లక్షలు ఏడాదికి పదిహేను శాతం వడ్డీకి 24 నెలల రుణంగా తీసుకుంటే నెలకు సుమారు 24,240 రూపాయలు కట్టాలి. మొత్తం కట్టేది ఐదు లక్షల ఎనభై రెండు వేలు. అందులో వడ్డీ ఎనభై రెండు వేలు. నలుగురు మనుషులు తొమ్మిది రోజులు ఆ దేశంలో తిని, తిరిగి, నిద్రించినందుకు అయ్యే దానిలో సగం వడ్డీకే పోతుంది. చవక దేశమని ఎంచుకుని మిగుల్చుకున్నది ఇక్కడ అమీర్‌పేటలోనే పోగొట్టుకున్నట్లయింది. వడ్డీ నిషిద్ధమని మన పాఠకులకు మేము కొత్తగా చెప్పనక్కరలేదు. ఇల్లు కూలిపోయి, ప్రాణం మీదికి వచ్చి అప్పు చేసినవాని సంగతి వేరు. విహారయాత్రకు ఏ విధమైన అగత్యం చెబుతాము?

"మాది వడ్డీలేని వాయిదా" అని ఏజెన్సీ వారు అన్నారట. నో కాస్ట్ ఈఎంఐ అనేది చాలా సందర్భాలలో ఇలా జరుగుతుంది: బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవారు అంత మొత్తాన్ని ధరలో తగ్గింపుగా చూపుతారు. ఒప్పందంలో వడ్డీ ఉంటుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ కూడా ఉంటుంది. ఏకమొత్తంగా కట్టేవారికి ఇంకేదైనా తగ్గింపు ఉన్నదా అని అడిగి చూడండి. సంతకం చేసే కాగితంలో వడ్డీ రేటు అనే గడి ఎదుట ఏమి రాసి ఉన్నదో చదవండి. పేరులో వడ్డీ లేనంత మాత్రాన కాగితంలో లేకుండా పోదు.

ఇంత చెప్పినందుకు మేము యాత్రకే వ్యతిరేకులమని అనుకోవద్దు. భూమిపై సంచరించి చూడమన్న ప్రబోధం దివ్య ఖుర్ఆన్‌లో పలుచోట్ల ఉంది. ఖర్చులో దుబారాను కాదన్న అదే గ్రంథం పిసినారితనాన్ని కూడా కాదన్నది. పిల్లలకు ఆ దేశంలో చూపవలసినవి నిజంగా ఉన్నాయి.

సరాయెవోలో గాజీ ఖుస్రవ్ బేగ్ మసీదు 1531 నాటిది. ఆయన వక్ఫ్ చేసిన ఆస్తుల మీద మదరసా, గ్రంథాలయం, బజారు నడిచాయి. మదరసా 1537లో మొదలై నేటికీ ఉంది. వక్ఫ్ అన్నమాట మన ఊళ్ళో కబ్జాల వార్తలలోనే విని పెరుగుతున్న పిల్లలు, ఒక మనిషి రాసి ఇచ్చిన ఆస్తి దాదాపు ఐదు శతాబ్దాలు పనిచేయడం కళ్ళారా చూడడం చిన్న సంగతి కాదు. మసీదు పక్కనే ఒక గడియార స్తంభం ఉంది. సూర్యాస్తమయానికి పన్నెండు గంటలు చూపేలా దాన్ని సరిచేస్తారు. మగ్రిబ్‌తో కొత్త రోజు మొదలవుతుంది కదా. పదేళ్ళ అబ్బాయికి కొండలకంటే ఇదే ఎక్కువ గుర్తుండిపోవచ్చు.

మొస్తార్‌లో నెరెత్వా నది మీద మిమార్ హైరుద్దీన్ 1566లో పూర్తిచేసిన ఒంటి కమాను రాతి వంతెన ఉంది. 1993 నవంబరు 9న యుద్ధంలో ఫిరంగి దెబ్బలకు అది నదిలో కూలిపోయింది. తిరిగి కట్టి 2004 జూలైలో తెరిచారు. శ్రెబ్రెనిత్సా సమీపంలోని పొతొచారికి వెళ్ళేవారు మాత్రం యాత్రికులుగా వెళ్ళకూడదు. 1995 జూలైలో శ్రెబ్రెనిత్సా పరిసరాలలో చంపిన ఎనిమిది వేలకు పైగా ముస్లిం పురుషుల, బాలుర స్మారకస్థలం అది. గుర్తింపు పూర్తయిన అవశేషాలను ఇప్పటికీ ఏటా జూలై 11న అక్కడ ఖననం చేస్తున్నారు. అమ్మాయికి పదహారేళ్ళు కాబట్టి వెళ్ళవచ్చు. పదేళ్ళవానిని తీసుకుని వెళ్ళాలా అన్నది తల్లి నిర్ణయించాలి. మేమైతే ఇంకొన్నాళ్ళు ఆగమంటాము.

దారిలో తెలిసి ఉండవలసినవి కొన్ని. బండి రోడ్డుకు కుడివైపున నడపాలి, పగలు కూడా దీపాలు వేసి ఉంచాలి. కొండదారుల్లో రోడ్డు దిగి పొదలలోకి, పాడుబడిన ఇళ్ళలోకి వెళ్ళరాదు. యుద్ధకాలపు మందుపాతరలు కొన్ని ప్రాంతాలలో ఇంకా ఉన్నాయి. సగం జనాభాయే ముస్లిములు కనుక ప్రతి హోటలులో మాంసం హలాల్ అనుకోరాదు, అడిగి తినాలి. ఖిబ్లా మనకు పడమర, అక్కడ ఆగ్నేయం. పదిహేను రోజులకు తక్కువే కాబట్టి హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం యాత్ర అంతా ముసాఫిర్లే. నాలుగు రకాతుల ఫర్జ్ రెండే, స్థానిక ఇమాము వెనుక చదివితే మాత్రం నాలుగూ చదవాలి. మే చివరన అక్కడ మగ్రిబ్ రాత్రి ఎనిమిది దాటాక, ఇషా పదింటి తరువాత, ఫజ్ర్ మూడింటి ప్రాంతంలో. ఇషా చదివి పడుకుని ఫజ్ర్‌కు లేచి వెంటనే కారు నడపడం ప్రమాదం. రోజుకు నాలుగు ఊళ్ళు చూపే ప్రణాళికలో ఈ నిద్ర లెక్క ఉండదు.

ఇక హజ్ మాట. సోదరి చివరి వాక్యంగా రాసినా, మాకు అది ఉత్తరంలో మొదటి వాక్యంగా కనబడింది. హజ్ విధి అయ్యేది అప్పు తెచ్చిన సొమ్ము మీద కాదు. అప్పులు, కుటుంబ పోషణ పోగా మిగిలిన సొంత సొమ్ము ఉన్నవాని మీద. ఈ భర్త దగ్గర ఈనాడు అంత సొమ్ము లేదు. కానీ వాయిదాలు మానుకుని, తానే ఐదు లక్షలు కూడబెట్టిననాడు పరిస్థితి మారుతుంది. హజ్ కమిటీ ద్వారా వెళ్ళడానికి మనిషికి మూడు లక్షల పైనే అవుతున్నది. దరఖాస్తుల వేళ ఆ సొమ్ము చేతిలో ఉంటే ఆయన మీద హజ్ విధి కావచ్చు. హనఫీలలో ప్రబలమైన అభిప్రాయం, విధి అయిన ఏడాదే చేయాలని. షాఫయీలు ఆలస్యానికి వీలున్నదంటారు. ఈ కొన్నేళ్ళుగా హజ్ దినాలు కూడా మన వేసవి సెలవులలోనో వాటి అంచునో వస్తున్నాయి. అదే సెలవు, అదే సొమ్ము. దరఖాస్తుల వేళకు ముందే టికెట్లు కొనేస్తే విధి తప్పిపోతుందన్న ఉపాయం ఎవరైనా చెప్పవచ్చు. అటువంటి ఉపాయాలు వెతకడం మాకు నచ్చదు. ఆదాయవ్యయాల కాగితం తీసుకుని తెలిసిన ఆలిమ్ వద్దకు భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్ళండి. కాగితం లేకుండా వెళ్తే ఆయన కూడా గాలిలోనే జవాబు చెప్పవలసి వస్తుంది.

అంతవరకు పిల్లలను ఇంట్లో కూర్చోబెట్టమని కాదు. హైదరాబాదు నుండి బీదర్ దూరం, సరాయెవో నుండి మొస్తార్ దూరం దాదాపు ఒక్కటే. 1472లో మహ్మూద్ గవాన్ కట్టించిన మదరసా అక్కడ ఉంది. సగం కూలినా ఆ మీనారు మీది రంగుపలకలు కొన్ని ఇంకా నిలిచే ఉన్నాయి. రానుపోను పెట్రోలు రెండు వేల రూపాయల చిల్లర. ఐరోపా ఫోటోల పక్కన ఇది చిన్నబోతుందేమో గాని, ఆ మదరసా చూడకుండానే బోస్నియా మదరసాకు బయలుదేరేవారు మనలో చాలామంది ఉన్నారు.

గాజుల విషయం ఒక్క మాటలో తేలుతుంది. అవి ఆమెవి. పెళ్ళిలో మహర్‌గా వచ్చినా, పుట్టింటివారు పెట్టినా, వాటి మీద భర్తకు హక్కు లేదు. వాటికి జకాత్ బాధ్యత కూడా ఆమెదే. తాకట్టు పెట్టడానికి ఆమె వద్దంటే ఆ మాట అక్కడితో ఆగిపోవాలి. సరేనన్నా, బంగారు రుణం మీద కూడా వడ్డీయే. ఆమె ఉత్తరంలో "వద్దు" అని ఎక్కడా రాయలేదు. "ఏమంటారు?" అని మాత్రం రెండుసార్లు రాశారు. మేము చెప్పే మాట కంటే ముందు ఆమె తన మాట ఇంట్లో చెప్పడం అవసరం.

ఈ జవాబు సిద్ధం చేసి ముందుగా ఆ సోదరికి పంపాము. ఈసారి ఆమె భర్త స్వయంగా రాశారు. వాయిదాల కాగితం మీద సంతకం చేయలేదట. అదే వాయిదాను ముందుగా తమ ఇంట్లోనే తమకు తాము కట్టుకుంటే 21 నెలలలో ఐదు లక్షలు దాటుతుందన్న మా లెక్క ఆయనకు నచ్చింది. కానీ ఒక సందేహం: అంతకాలం ఆగితే ధరలు పెరగవా? పెరుగుతాయి. అందుకే ఐదు లక్షలకు బదులు ఐదున్నర అనుకోమని రాశాము. నెలకు 24,240 చొప్పున అది 23 నెలల పని. అప్పటికి కూడా బ్యాంకు వాయిదాలు తీరే రోజుకంటే ఒక నెల ముందే ఉంటారు.